ఆగిపోయిన చప్పుడు

బ్రేకమ్మకు ఎత్తైన చోట్లంటే భయం. ఆ సంగతి లోకంలో ఇద్దరికే తెలుసు. ఒకరు ఆవిడ. రెండోవాడు ఆవిడ పక్కన కూర్చుని జీపు నడుపుతున్న తమ్ముడు.

వాహనాల తనిఖీ ఆఫీసులో పనిచేసినన్నాళ్ళూ, బ్రేకులు సరిగ్గా పడని బండి ఎంతటివాడిదైనా సరే ఆవిడ రోడ్డెక్కనిచ్చేది కాదు. అలా వచ్చిన పేరు అది. ఉద్యోగం మానేసి, ప్రమాదాల గుట్టు విప్పే డిటెక్టివుగా సొంత బోర్డు పెట్టుకున్నాక కూడా ఆ పేరు వదల్లేదు. ఎదుటివాడు గొంతు పెంచితే తాను గొంతు తగ్గించడం ఆవిడ పద్ధతి. ఆ తగ్గిన గొంతుకే హడలిపోయి నిజం కక్కినవాళ్ళు చాలామంది. అలాంటి మనిషి ఇప్పుడు రెండు చేతులా సీటు అంచు పట్టుకుని, లోయ వైపు చూడకుండా కాళ్ళ కింది రబ్బరు పట్టాను చూస్తూ కూర్చుంది.

కొండదారి ఎడమకు తిరిగినప్పుడల్లా ముందు చక్రం దగ్గర కటకటమని చప్పుడు వస్తోంది. దారి తిన్నగా అవగానే ఆగిపోతోంది. ఊరందరి బళ్ళూ బాగుచేసే తమ్ముడికి సొంత బండి చూసుకునే తీరిక లేదు. మరో రోజైతే ఆవిడ ఆ మాట దెప్పేదే. సరిగ్గా ఇలాంటి జీపు, ఇలాంటి చప్పుడు చేస్తూ పైకెళ్ళిన జీపు, మొన్న ఒక మనిషిని చంపింది.

ఆ మనిషి సర్వేయరు. కొండ మీది రాతి క్వారీ హద్దు దాటి తవ్వుతోందా లేదా అని కొలవడానికి వెళ్ళాడు. తిరిగి దిగుతుంటే, పైనుంచి మూడో మలుపులో ఎడమ ముందు చక్రం ఊడిపోయి జీపు లోయలో పడింది. అక్కడికక్కడే ప్రాణం పోయింది. ఆ చక్రాన్ని అంతకు వారం ముందు విప్పి, గ్రీజు పెట్టి బిగించింది తమ్ముడే. క్వారీలో ఆఖరి విచారణ చేసి ఇవాళే అరెస్టు చేస్తానని ఇన్‌స్పెక్టర్ కబురు పెట్టాడు.

ఆ మూడో మలుపు వచ్చింది. విరిగిన పిట్టగోడ ఉన్నచోట తాడు కట్టి ఉంది. ఆవిడ కళ్ళు మూసుకుంది.

“కళ్ళు మూసుకున్నావా అక్కా?” అన్నాడు తమ్ముడు.

“ఆలోచిస్తున్నాను.”

“కొండలెక్కేటప్పుడే వస్తాయి నీకు ఆలోచనలు,” అన్నాడు. నవ్వబోయి ఆగిపోయాడు. మరో మలుపు కటకటలాడుతూ దాటాక నెమ్మదిగా అన్నాడు. “నేను ఆ చక్రంలో వాషరు పెట్టడం మర్చిపోలేదక్కా. మర్చిపోలేదనే అనుకుంటున్నాను.”

ఆవిడను కలవరపెట్టింది ఆ రెండో మాటే. తల్లి పోయేనాటికి వీడికి నడక కూడా సరిగా రాదు. వేలు పట్టుకుని నడిపించింది తానే. వీడి చెయ్యి ఎంత నమ్మకమైనదో వీడికంటే ఆవిడకే బాగా తెలుసు. మూడు రోజులుగా వీడు ఆ చేతుల్ని తిప్పి తిప్పి చూసుకుంటున్నాడు. ఒక మనిషి చావు తన చేతి పొరపాటేనని వీడే నమ్మేస్తే, జైలు నుంచి ఎప్పుడు వదిలినా వదిలేది వీణ్ణి కాదు, వీడి నీడను.

“మర్చిపోలేదు,” అంది బ్రేకమ్మ. “అనుకోవడాలు నాకు వదిలెయ్. నువ్వు స్టీరింగు చూసుకో.”

పైకి అంత ధీమాగా అంది గాని, ఆవిడ చేతిలో ఉన్నవి రెండంటే రెండు ఆధారాలు. ఒకటి సర్వేయరు భార్య మాట. ఆ కొండ మీద పైనుంచి రెండో మలుపులో తప్ప ఫోను పలకదు. సర్వేయరు దిగుతూ అక్కడ ఆగి భార్యకు ఫోన్ చేశాడు. “ఆ కటకట దానంతటదే పోయింది తెలుసా. క్వారీ గేటు దాటినప్పటి నుంచీ లేదు. ఇప్పుడేదో కొత్తగా మూలుగుతోంది. కిందికి దిగాక మెకానిక్‌కు చూపించి వచ్చేస్తా,” అన్నాడట. అవే అతని ఆఖరి మాటలు. ఆ ఇల్లాలు ఏడుపు దిగమింగుకుని నాలుగుసార్లు అదే మాట అప్పజెప్పింది. ఇన్‌స్పెక్టరుకు అందులో మూలుగు ఒక్కటే వినిపించింది. బ్రేకమ్మకు మాత్రం ఆగిపోయిన కటకట రాత్రంతా చెవిలో మోగుతూనే ఉంది.

రెండోది కొండ కింద ఇప్పుడే దొరికింది. ఈ జీపుల ముందు చక్రాల నడిమధ్యన గుండ్రటి బిళ్ళ ఒకటి ఉంటుంది. హబ్ అంటారు. దాన్ని చేత్తో లాక్ వైపు తిప్పితే ఇంజను బలం ముందు చక్రాలకు కూడా అందుతుంది, ఫ్రీ వైపు తిప్పితే చక్రం ఊరికే దొర్లుతుంది. కొండ ఎక్కాలన్నా దిగాలన్నా రెండు హబ్‌లూ లాక్‌లో ఉండాల్సిందే. కొండ మొదట్లో గొలుసు కట్టి కూర్చునే కాపలాదారు ఎవరినీ నమ్మడు. వంగి రెండు బిళ్ళలూ తడిమి చూసుకుంటే గాని గొలుసు దించడు. సర్వేయరు బండివి కూడా తానే తడిమి చూశానని, రెండూ లాక్‌లోనే ఉన్నాయని ఆవిడకు గట్టిగా చెప్పాడు. లోయలోంచి పైకి లాగిన జీపుకు మాత్రం కుడి హబ్ లాక్‌లో ఉంది, ఊడిపోయిన ఎడమ చక్రానిది ఫ్రీలో ఉంది.

క్వారీ గేటు దాటి జీపు లోపలికి రాగానే ఇన్‌స్పెక్టర్ ఎదురొచ్చాడు. ఆయనకూ బ్రేకమ్మకూ పాత పేచీ. ఒకప్పుడు స్టేషను జీపు బ్రేకులు బాగాలేవని ఆవిడ దాన్ని నెల్లాళ్ళు మూల కూర్చోబెట్టింది. ఆ నెల్లాళ్ళూ ఆయన దొంగల్ని సైకిలు మీద పట్టాల్సి వచ్చింది. ఆ కచ్చ ఆయన మొహంలో ఇంకా ఆరలేదు.

ఆయన కానిస్టేబులును పిలిచి తమ్ముడి చేతులకు బేడీలు వేయించాడు. విచారణ అయ్యాక కదా అని ఆవిడ అడిగితే, విచారణ తనకెప్పుడో అయిపోయిందనీ ఇది మేడమ్ గారి ముచ్చట తీర్చడానికేననీ అన్నాడు. అక్కడే నిలబడి తన కేసు చెప్పాడు. చక్రం బేరింగును పట్టి ఉంచే నట్టు తనంతట తాను వదులు కాకుండా, దానిమీద రెక్కలు మడిచి బిగించే పల్చటి వాషరు ఒకటి ఉంటుంది. నుజ్జయిన జీపు ఎడమ చక్రంలో అది లేదు. ఆఖరిసారి ఆ చక్రం విప్పింది మెకానిక్. ఆ మాట అతనే ఒప్పుకున్నాడు.

“ఇంతకంటే ఏం కావాలి మేడమ్? మీ తమ్ముడు కాకపోతే మీరే ఈపాటికి అతనికి బేడీలు వేయించి ఉండేవారు,” అన్నాడు.

ఆ మాట నిజమేనేమో ఆవిడకు అనిపించింది. అయినా సర్వేయరు జీపు ఆ రోజు ఎక్కడ ఆగిందో చూపించమంది.

చూపించడానికి వచ్చినవాడు స్టోరు కీపరు. తెల్లటి జుట్టు, మెత్తటి మాట. క్వారీలో చిన్నా పెద్దా అందరూ స్టోరు బాబాయి అంటారు. ప్రమాదం జరిగినప్పటి నుంచీ పని ఆపేశారని, కూలీలంతా కిందికి దిగిపోయారని, కొండ మీద తానూ మేనేజరూ తప్ప ఎవరూ లేరని చెబుతూ ముందు నడిచాడు. ఆయన కళ్ళు వాచి ఉన్నాయి. అడక్కుండానే ఆవిడకు మంచినీళ్ళు తెచ్చిచ్చింది ఆయనే. సర్వేయరు నీడ కోసం జీపును పొద్దున్నే షెడ్డులో పెట్టించాడని, షెడ్డుకు తాళం గీళం ఏమీ ఉండవని, ఎవరు పడితే వాళ్ళు వస్తూ పోతూ ఉంటారని చెప్పాడు.

షెడ్డు నేలంతా ఏళ్ళ తరబడి కారిన నూనెతో నల్లగా గట్టిపడి ఉంది. ఒక్కచోట మాత్రం రాతిపొడి చల్లి ఉంది. జీపు ఎటు మొహంగా నిలబడిందో బాబాయిని అడిగి, ముందు ఎడమ చక్రం ఎక్కడుంటుందో ఆవిడ అడుగులు వేసి చూసుకుంది. సరిగ్గా ఆ పొడి మీదికే వచ్చి ఆగింది. ఒక పుల్ల తీసుకుని గీకింది. కింద ఎర్రటి గ్రీజు ముద్ద కనబడింది. క్వారీ డబ్బాల్లో ఉన్నదంతా నల్ల గ్రీజు. ఎర్రది వాడేవాడు తమ్ముడు. ఆ ముద్దలో, రెక్కలు వంగిపోయిన పల్చటి వాషరు ఒకటి చిక్కుకుని ఉంది.

తమ్ముడు మర్చిపోలేదు. వాడు పెట్టిన వాషరును ఎవరో ఇక్కడ విప్పి తీశారు. ఆ పని చేసిన చెయ్యి ఈ కొండ మీదే ఎక్కడో ఉండి ఉంటుంది.

బాబాయి కళ్ళు తుడుచుకున్నాడు. “మంచి మనిషి తల్లీ. పోతూ పోతూ చెయ్యి ఊపి పోయాడు. గేటు దగ్గర మలుపు తిరుగుతుంటే ఆ కటకట చప్పుడు ఇక్కడిదాకా వినబడింది. ఆ మెకానిక్ సరిగ్గా చేసి ఉంటే ఇంత ఘోరం జరిగేదా?”

“ఆ రోజు వెళ్ళేటప్పుడు విన్నారా బాబాయిగారూ? వచ్చేటప్పుడా?”

“వెళ్ళేటప్పుడే తల్లీ. ఈ చెవులతో విన్నాను.”

ఆవిడ తల ఊపింది. గేటు దాటినప్పటి నుంచీ కటకట లేదని చచ్చిపోయినవాడు చెప్పాడు. ఉందని ఈయన చెబుతున్నాడు. పోయినవాడికి అబద్ధమాడాల్సిన పని లేదు. మరి ఈ పెద్దాయనకు ఏం పని? మేనేజరును కాపాడటానికే అయ్యుంటుందని ఆవిడ అనుకుంది. క్వారీ మూతపడితే అరవై కుటుంబాలు ఏం తింటాయని తాను వచ్చినప్పటి నుంచీ ఆయన కుమిలిపోతూనే ఉన్నాడు. యజమాని ఉప్పు తిన్న మనిషి భయపడి పాఠం ఒప్పజెబుతున్నాడని జాలిపడింది కూడా.

వాషరు తీసుకొచ్చి చూపిస్తే ఇన్‌స్పెక్టర్ దాన్ని ముట్టుకోను కూడా లేదు. “మీ తమ్ముడి గ్రీజు, మీ తమ్ముడి వాషరు, దొరికింది మీ చేతికి. బాగానే ఉంది,” అన్నాడు. తాను తీస్తుంటే బాబాయి పక్కనే ఉన్నాడని ఆవిడ చెప్పింది. బాబాయి తల దించుకుని, తనకు చూపు సరిగా ఆనదనీ ఆమె ఏం తీసిందో చూడలేదనీ గొణిగాడు.

ఇక చెవులనే నమ్ముకోవాలని ఆవిడ నిర్ణయించుకుంది. తమ్ముడి జీపును పెరట్లో స్టీరింగు పూర్తిగా ఎడమకు తిప్పి నెమ్మదిగా ఒక చుట్టు తిప్పమని కానిస్టేబులుకు చెప్పింది. రెండు హబ్‌లూ లాక్‌లో ఉన్నాయి. జీపు కదలగానే కటకటమని పెరడంతా మోగింది.

“ఎడమ చక్రాన్ని తిప్పే ఇరుసు చివర కీలు అరిగితే వచ్చే చప్పుడిది. సర్వేయరు బండికీ ఇదే జబ్బు. దీనివల్ల చక్రం ఊడదు,” అంది. తర్వాత తానే వంగి ఎడమ హబ్ ఒక్కటీ ఫ్రీకి తిప్పి, మళ్ళీ అదే చుట్టు తిప్పించింది. జీపు పిల్లిలా తిరిగొచ్చింది. ఒక్క కటకట లేదు.

ఇన్‌స్పెక్టర్ కనుబొమలు ముడిపడ్డాయి.

“చక్రం ఊరికే దొర్లుతోంది, కీలు మీద బలం లేదు, అందుకే నోరు మూసుకుంది. సర్వేయరు బండి గేటు దాటేటప్పటికి ఇలాగే ఉంది. ఎక్కేటప్పుడు లాక్‌లో ఉన్న హబ్ ఇక్కడ ఫ్రీ ఎలా అయింది? లోపలి నట్టు దాకా వెళ్ళాలంటే ముందు హబ్ విప్పి తియ్యాలి. విప్పినవాడు మళ్ళీ పెట్టేటప్పుడు దాన్ని ఫ్రీలో వదిలేశాడు. ఆ తర్వాత వచ్చిన మూలుగు, వదులైన బేరింగుది.” ఆవిడ గొంతు బాగా తగ్గిపోయింది. “చప్పుడు వస్తే భయపడతాం ఇన్‌స్పెక్టర్ గారూ. ఆయన భయపడాల్సింది చప్పుడు ఆగినందుకు. పాపం, బాగుపడిందనుకున్నాడు.”

ఇన్‌స్పెక్టర్ వెంటనే ఒప్పుకోలేదు. సర్వేయరే పరధ్యానంగా ఒక హబ్ తిప్పి ఉండొచ్చు కదా అన్నాడు. గొలుసు దగ్గరి కాపలాదారు సరిగా తడమకపోయి ఉండొచ్చు కదా అన్నాడు. ఉండొచ్చు, ఉండొచ్చు అంటూ ఆవిడ కట్టినదంతా ఒక్కో రాయి లాగేశాడు. నెల్లాళ్ళు సైకిలు తొక్కిన కాళ్ళు అంత తేలిగ్గా వంగవు. అయితే ఆ కళ్ళలో ఇందాకటి ధీమా లేదని ఆవిడ చూసింది. మేనేజరుతో మాట్లాడేదాకా ఆగమంది. ఆయన సరేననలేదు, కాదనలేదు.

ఆవిడ ఎడమ హబ్‌ను మళ్ళీ లాక్‌కు తిప్పి, వేళ్ళకంటిన మట్టి రుమాలుతో తుడుచుకుంది. ఎండలో ఉంటే సీట్లు కాలిపోతాయి, జీపును షెడ్డు వెనక నీడలో పెట్టిస్తానని బాబాయి కానిస్టేబులును వెంటబెట్టుకుపోయాడు. వెళుతూ వెళుతూ, దిగేటప్పుడు మీరు ఇదే బండిలో కదా తల్లీ అని అడిగాడు. అవునంది. అందరికీ టీ పెట్టి తెస్తానన్నాడు.

మేనేజరు గదిలో ఫ్యాను తిరుగుతున్నా అతని చొక్కా తడిసి ఉంది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఆవిడ అడగక ముందే ఆ రోజు తాను కొండ మీద లేనన్నాడు. క్వారీ యజమానుల సమావేశంలో సాయంత్రం దాకా కిందే ఉన్నానని, కావాలంటే పదిమందిని అడగమన్నాడు. పోలీసుల పేరు చెప్పి బెదిరించినా, మంచిగా అడిగినా, ఎటునుంచి తిప్పినా అదే జవాబు. ఈ మధ్యలో బయట రాళ్ళు పిండి చేసే యంత్రం గర్రుమని మొదలైంది. మాట వినబడక మేనేజరు కిటికీ మూసేశాడు. పని ఆపేశామన్నారు కదా అని ఆవిడ అడిగితే, బెల్టు బిగుసుకుపోకుండా బాబాయి అప్పుడప్పుడూ తిప్పుతుంటాడన్నాడు.

ఈ మనిషి పిరికివాడే గాని ఇంతటి పని చేసే రకం కాదని ఆవిడకు నెమ్మదిగా అర్థమైంది. మరెవరు? అందరూ వస్తూ పోతూ ఉండే షెడ్డులో ఎవరినని వెతకడం?

“షెడ్డుకు తాళం ఎందుకు పెట్టరు?” అంది విసుగ్గా.

మేనేజరు వింతగా చూశాడు. “తాళం లేకపోవడమేమిటండీ? స్పానర్లన్నీ అందులోనే ఉంటాయి. తాళంచెవి బాబాయి మొలతాడుకే ఉంటుంది. నాకు కూడా ఇవ్వడు.”

తాళం గీళం ఉండవన్నది ఆ బాబాయే.

“ఆయనకు ఆ షెడ్డంటే ప్రాణం,” అని మేనేజరు చెప్పుకుపోయాడు. తన మీది నుంచి మాట పక్కకు మళ్ళినందుకు అతనికి హాయిగా ఉంది. “స్టోరు పని ఈ మధ్యనే లెండి, చూపు మందగించాక. అంతకు ముందు ముప్పై ఏళ్ళూ చక్రాల ఫిట్టరు. ఇప్పటికీ కళ్ళు మూసుకుని విప్పగలడు. చక్రం పని చేశాక హబ్ ఫ్రీలో వదలకపోతే కుర్రాళ్ళను చెడతిట్టేవాడు. షెడ్డులో బళ్ళను చేత్తోనే కదా నెట్టుకోవాలి. లాక్‌లో ఉంటే బరువుగా ఉంటుంది.”

యంత్రం ఆగిపోయింది. తలుపు తోసుకుని బాబాయి టీ గ్లాసులతో లోపలికొచ్చాడు. ఆలస్యమైందని నొచ్చుకున్నాడు. గ్లాసు ముందు పెడుతుంటే చేతుల నుంచి కిరసనాయిలు వాసన గుప్పుమంది. టీ మీద మీగడ కట్టి ఉంది. ఎప్పుడో చల్లారిపోయిన టీ అది.

ఆయన చేతులు శుభ్రంగా కడుక్కున్నాడు. కుడి బొటనవేలి గోటి కింద మాత్రం సన్నగా ఎర్రటి గీత మిగిలింది.

నల్ల గ్రీజు తప్ప వాడని క్వారీలో ఎర్రది ఎలా అంటిందని ఆవిడ మనసు అడుగుతూనే ఉంది. జవాబు మనసుకు తట్టేలోపు బయట ఒక ఇంజను మొదలైంది. ఆ ఇంజను ఆవిడకు బాగా తెలుసు. ఇల్లు కదిలిపోయేలా దాన్ని రోజూ పొద్దున్నే మొదలుపెట్టేది తమ్ముడే.

ఆవిడ వరండాలోకి పరుగెత్తింది. ఇన్‌స్పెక్టర్ మెట్ల మీద నిలబడి ఉన్నాడు. ఆవిడ మొహం చూసి, మళ్ళీ వాదనకొచ్చిందనుకుని చెయ్యి అడ్డం పెట్టాడు. మెకానిక్‌ను వాడి బండిలోనే స్టేషనుకు పంపిస్తున్నానని, కానిస్టేబులు నడుపుతున్నాడని, మిగతా సంగతులన్నీ కింద కూర్చుని తీరిగ్గా మాట్లాడుకుందామని అన్నాడు.

“ఆపండి,” అంది ఆవిడ. గొంతు లేవలేదు. జన్మలో మొదటిసారి గట్టిగా అరవాలనుకుంది, అరుపు రాలేదు.

జీపు గేటు చేరింది. బేడీలు వేసిన చేతులతో తమ్ముడు ముందు సీట్లో, కానిస్టేబులు పక్కన కూర్చుని ఉన్నాడు. గేటు దాటగానే దారి ఎడమకు తిరుగుతుంది. స్టీరింగు తిరిగింది. ముందు చక్రాలు పూర్తిగా ఎడమకు వంగాయి. యంత్రం ఆగాక కొండంతా నిశ్శబ్దంగా ఉంది, చీమ నడిచినా వినబడేలా ఉంది.

కటకట రాలేదు.

తమ్ముడు తల తిప్పి ముందు చక్రం ఉన్న వైపు చూశాడు. వాడికీ వినబడలేదు. లేచి ఏదో చెబుతూ, సంకెళ్ళ చేతులతో స్టీరింగు అందుకోబోయాడు. పారిపోతాడనుకున్నాడో ఏమో, కానిస్టేబులు వాణ్ణి మోచేత్తో సీటులోకి తోసేసి వేగం పెంచాడు. జీపు రాతి చాటుకు వెళ్ళిపోయింది.

ఇన్‌స్పెక్టర్ చెయ్యి ఇంకా అడ్డంగానే ఉంది. ఆ చెయ్యి నెమ్మదిగా కిందికి దిగింది.

“మేడమ్,” అన్నాడు. “ఎడమ హబ్ మీరు మళ్ళీ లాక్ చేశారు కదా?”

“చేశాను.”

ఆయన మెట్లు ఒక్క గెంతున దిగి పోలీసు జీపు వైపు పరుగెత్తాడు. ఆవిడ అడుగు వేయబోతుంటే వెనక గ్లాసు పగిలిన చప్పుడైంది. తిరిగి చూసింది. స్టోరు బాబాయి గుమ్మం పట్టుకుని నిలబడి, ఖాళీ గేటు వైపు చూస్తున్నాడు. ఆ వాచిన కళ్ళలో ఇప్పుడు నిజమైన దుఃఖం ఉంది.

“ఆ అబ్బాయిని అందులో పంపించారేమిటి?” అన్నాడు. “వాణ్ణి పోలీసు జీపులో తీసుకెళ్తారనుకున్నాను. బేడీలు వేశారు కదా. ఆ బండిలో దిగాల్సింది మీరు కదా తల్లీ.”

ఆవిడ జవాబు చెప్పడానికి ఆగలేదు. కదులుతున్న పోలీసు జీపులోకి ఎక్కి కూర్చుంది. లోయ ఏ వైపున ఉందో కూడా ఆవిడకు గుర్తులేదు, కళ్ళు దారి మీదే ఉన్నాయి. మొదటి మలుపు దాటారు. ముందు జీపు కనబడలేదు. ఇన్‌స్పెక్టర్ హారన్ మీది నుంచి చెయ్యి తియ్యడం లేదు. వినబడనివ్వండి అని ఆవిడ ఆ చెయ్యి పక్కకు లాగేసింది.

హారన్ ఆగింది. కింద, రెండో మలుపుకూ మూడో మలుపుకూ నడుమ ఎక్కడో, మూలుగు మొదలైంది.